ఈగ కడుపు దాటి బతికే ఈస్ట్ సిద్ధబీజాలు: కళాశాల ప్రయోగశాలలో నిరూపించే పద్ధతి

బాగా మగ్గి పగిలిన పండు మీదా, కల్లు కుండ మూతి చుట్టూ ముసిరే చిన్న ఈగలు అక్కడికి చేరేది ముఖ్యంగా ఈస్ట్ కోసమే. డ్రోసోఫిలా అనే ఆ ఈగకు మాంసకృత్తులు, బి విటమిన్లు, స్టెరాల్స్ ఎక్కువగా ఈస్ట్ నుంచే అందుతాయి. మింగిన ఈస్ట్ కణాల్లో చాలా భాగం దాని ఆహారనాళంలో జీర్ణమైపోతాయి. అయితే అదే ఈస్ట్ ఈగ నోట పడేనాటికి సిద్ధబీజంగా (గట్టి గోడ కట్టుకున్న స్పోర్‌గా) మారి ఉంటే, ఆహారనాళం అంతా దాటి రెట్టతో పాటు ప్రాణంతో బయటపడి, తీపి దొరికిన చోట మళ్లీ మొలకెత్తుతుంది. 2007లో మాక్స్ రాయిటర్, గ్రాహం బెల్, డంకన్ గ్రెగ్ ఈ విషయాన్ని డ్రోసోఫిలాలో చూపించారు. మరుసటి సంవత్సరం న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో ఆరన్ నీమన్ బృందం, ఆ రక్షణ సిద్ధబీజపు గోడ నుంచే వస్తోందని నిరూపించింది.

ఈ ప్రయోగాన్ని డిగ్రీ, పీజీ విద్యార్థులు ఒక చిన్న ప్రాజెక్టుగా చేయవచ్చు. ఈగకు ఈస్ట్ తినిపించి, రెట్టను ప్లేటు మీద రాసి, కాలనీ వచ్చిందని చూపించడం ఎవరికైనా సాధ్యమే, కానీ అంతమాత్రాన ఏమీ నిరూపణ కాదు. ఆ కాలనీ మీరు తినిపించిన ఈస్ట్‌దేనా, అది నిజంగా ఆహారనాళం గుండా వచ్చిందా లేక ఈగ కాళ్లకు అంటుకుని వచ్చిందా, అది సిద్ధబీజం నుంచి పుట్టిందా లేక జీర్ణం కాకుండా మిగిలిన మామూలు కణం నుంచి పుట్టిందా అనే మూడు ప్రశ్నలకు మీ దగ్గర సమాధానం ఉండాలి. కింది పద్ధతిలోని ప్రతి జాగ్రత్తా ఈ మూడింటిలో ఏదో ఒకదాని కోసం పెట్టినదే కాబట్టి, సమయం చాలదని దేన్నీ వదిలిపెట్టవద్దు.

ముందుగా తెలుసుకోవలసినది

శాకరోమైసిస్ సెరవీసియే అనే మామూలు ఈస్ట్‌లో, క్రోమోజోములు రెండేసి ప్రతులుగా ఉన్న ద్వయస్థితిక కణానికి నత్రజని అందకుండా చేసి, పులియబెట్టడానికి వీలులేని అసిటేట్ వంటి కర్బన ఆహారం మాత్రమే ఇస్తే, అది మొగ్గ తొడగడం మానేసి క్షయకరణ విభజన (మియోసిస్) జరుపుకుని తన లోపలే, ఒక్కో ప్రతి మాత్రమే ఉన్న నాలుగు ఏకస్థితిక సిద్ధబీజాలను తయారు చేసుకుంటుంది. ఆ నాలుగింటినీ కప్పి ఉంచే సంచిని ఆస్కస్ అంటారు. ఈ సంచి కొత్తగా కట్టినది కాదు, పాత తల్లికణపు గోడే అలా మిగిలిపోతుంది. మామూలు కణకవచం ఏ ఎంజైములకు కరుగుతుందో ఆస్కస్ కూడా వాటికే కరుగుతుంది.

లోపలి సిద్ధబీజాల గోడ నిర్మాణం వేరు. మామూలు కణానికి లోపల గ్లూకాన్, బయట మన్నాన్ అనే చక్కెర గొలుసుల పొరలు ఉంటే, సిద్ధబీజంలో ఈ వరుస తిరగబడి మన్నాన్ లోపలికి, గ్లూకాన్ దాని పైకి వస్తాయి. ఆ రెండింటి మీద కైటోసాన్ పొర, అన్నింటికన్నా బయట డైటైరోసిన్ పొర ఏర్పడతాయి. టైరోసిన్ అమైనో ఆమ్లాలు జంటలుగా బంధించుకుని ఏర్పడే ఈ చివరి పొర, లోపలి గ్లూకాన్ వరకు ఎంజైములను చేరనివ్వదు. డ్రోసోఫిలా మధ్యాహారనాళంలో పీహెచ్ 4 కంటే తక్కువ ఉండే ఆమ్ల ప్రాంతం ఒకటి ఉంది. ఆ ఆమ్లాన్నీ, జీర్ణ ఎంజైములనూ దాటే క్రమంలో ఆస్కస్ కరిగిపోతుంది, సిద్ధబీజాలు మాత్రం మిగులుతాయి. అంటే ఈగ కడుపు ఈస్ట్‌ను మోసుకుపోవడంతో ఆగదు. ఒకే తల్లికి పుట్టిన నాలుగు సిద్ధబీజాలను విడదీసి, వేరే వంశపు ఈస్ట్‌తో జతకట్టే అవకాశాన్ని కూడా వాటికి ఇస్తుంది. రాయిటర్ బృందం గమనించిన ముఖ్యాంశం ఇదే. మీ ప్రయోగంలోనూ దీన్ని రంగుతో చూపించవచ్చు.

మొదటి దశ: సరైన ఈస్ట్‌ను ఎంచుకోండి

అంగట్లో దొరికే పొడి ఈస్ట్ ప్యాకెట్‌తో ఈ ప్రయోగం మొదలుపెట్టవద్దు. రొట్టెల తయారీకి వాడే రకాల్లో చాలావాటికి క్రోమోజోముల సంఖ్య సక్రమంగా ఉండదు కనుక, వాటిలో సిద్ధబీజాలు సరిగ్గా ఏర్పడవు, ఏర్పడినా చాలా మొలకెత్తవు. ప్రయోగశాలల్లో విస్తారంగా వాడే ఎస్288సీ వంశం కూడా ఈ పనిలో మందకొడిగానే ఉంటుంది. ఎస్‌కే1 వంశం దొరికితే ఒక్క రోజులోనే అత్యధిక శాతం కణాలు సిద్ధబీజాలుగా మారతాయి. చండీగఢ్‌లోని ఎంటీసీసీ, పుణెలోని ఎన్‌సీఐఎం సూక్ష్మజీవుల భాండాగారాలను గాని, ఈస్ట్ జన్యుశాస్త్రం మీద పనిచేసే విశ్వవిద్యాలయ ప్రయోగశాలలను గాని మీ అధ్యాపకుల ద్వారా అడగండి.

అడిగేటప్పుడు ఏడీఈ2 జన్యువు విషయంలో విషమయుగ్మజంగా, అంటే ఒక మంచి ప్రతీ ఒక పనిచేయని ప్రతీ కలిగి ఉండే ద్వయస్థితిక రకం కావాలని స్పష్టంగా చెప్పండి. అది దొరకకపోతే, ఏడీఈ2 లోపించిన ఏకస్థితిక రకాన్నీ, ఆ జన్యువు సక్రమంగా ఉన్న ఎదుటి సంయోగ రకాన్నీ తెచ్చుకుని ప్లేటు మీద కలిపి జతకట్టించవచ్చు. ఈ జన్యువు పనిచేయని కణాల్లో అడెనిన్ తయారయ్యే దారి మధ్యలో ఆగిపోయి ఒక ఎర్రని వర్ణకం పోగుపడుతుంది. ఒక మంచి ప్రతి ఉన్నంత వరకు ద్వయస్థితిక కణం తెల్లని కాలనీనే ఇస్తుంది. క్షయకరణ విభజన తరవాత మాత్రం నాలుగు సిద్ధబీజాల్లో రెండు తెలుపు, రెండు ఎరుపు కాలనీలకు మూలమవుతాయి.

ఈ ఏర్పాటులోని బలాన్ని కాస్త నిలిచి అర్థం చేసుకోండి. సిద్ధబీజంగా మారని కణం తెల్ల కాలనీనే ఇస్తుంది. నాలుగూ బతికి, విడిపోకుండా ఉన్న ఆస్కస్‌ను ప్లేటు మీద వేస్తే, అందులో రెండు మంచి జన్యు ప్రతులు ఉన్నాయి కాబట్టి తెల్లని కాలనీ గాని, ఎరుపు తెలుపు చారలు కలిసిన కాలనీ గాని వస్తుంది తప్ప పూర్తిగా ఎర్రని కాలనీ రాదు. పూర్తిగా ఎర్రగా ఉన్న కాలనీ రావాలంటే ఒక సిద్ధబీజం తన తోబుట్టువుల నుంచి విడివడి ఉండాలి. ఈ ఒక్క రంగు మీ మూడు ప్రశ్నల్లో రెండింటికి జవాబు చెబుతుంది, ఎందుకంటే ఈగలో ముందే ఉన్న అడవి ఈస్ట్‌లు ఇలా ఎర్రబడవు.

మన తాటికల్లు, ఈతకల్లులో కూడా శాకరోమైసిస్ సెరవీసియే ఉంటుంది. కల్లు నుంచి వేరుచేసిన రకాలతో ఈ ప్రయోగం చేయాలన్న ఆసక్తి మీకు ఉంటే చాలా మంచిది, కానీ జాతిని నిర్ధారించుకున్న తరవాతే చేయండి. వాటికి రంగు గుర్తు ఉండదు కాబట్టి ముందు పై రకంతో పద్ధతిని పట్టు చేసుకోవడం మేలు.

రెండో దశ: సిద్ధబీజాలను తయారు చేయండి

లీటరు నీటికి ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 10 గ్రాములు, పెప్టోన్ 20 గ్రాములు, డెక్స్‌ట్రోజ్ 20 గ్రాములు కలిపిన వైపీడీ ద్రవంలో ఈస్ట్‌ను 30 డిగ్రీల సెల్సియస్ వద్ద రాత్రంతా పెంచండి. ప్లేట్లకైతే దీనికే 20 గ్రాముల అగార్ చేర్చాలి. మరునాడు కణాలను సెంట్రిఫ్యూజ్‌లో కూర్చి, సూక్ష్మజీవరహిత నీటితో రెండుసార్లు కడగండి. చక్కెరా, నత్రజనీ కొద్దిగా మిగిలినా కణాలు మొగ్గ తొడుగుతూనే ఉంటాయి కాబట్టి ఈ కడగడాన్ని తేలికగా తీసుకోవద్దు.

కడిగిన కణాలను 1 శాతం పొటాషియం అసిటేట్ ద్రావణంలో మిల్లీలీటరుకు 2 నుంచి 3 కోట్ల చొప్పున కలపండి. సిద్ధబీజాల తయారీకి శ్వాసక్రియ తప్పనిసరి కాబట్టి 100 మి.లీ. ఫ్లాస్కులో 10 మి.లీ.కి మించి పోయకుండా, దూది బిరడా పెట్టి, షేకర్ మీద 25 నుంచి 30 డిగ్రీల మధ్య కదుపుతూ ఉంచాలి. మైటోకాండ్రియా దెబ్బతిన్న పెటీట్ కణాలు అసిటేట్‌ను వాడుకోలేవు, సిద్ధబీజాలనూ ఇవ్వవు. అందుకే ప్రయోగం ఎప్పుడూ బాగా పెరిగిన పెద్ద కాలనీతో మొదలుపెట్టండి. మీ రకానికి ఏవైనా అమైనో ఆమ్లాల అవసరం ఉంటే, వాటిని కొద్దిగా ఈ ద్రావణంలో కలపవలసి ఉంటుంది.

ఎస్‌కే1 అయితే మరునాడే, మిగతా రకాలైతే మూడు నుంచి అయిదు రోజులకు, ఒక చుక్క తీసి 400 రెట్ల వృద్ధిలో చూడండి. ఆస్కస్ లోపల మూడు గుండ్రని సిద్ధబీజాలు ఒకే తలంలో స్పష్టంగా కనిపిస్తాయి. ఫోకస్‌ను కొంచెం కిందికో పైకో తిప్పితే నాలుగోది బయటపడుతుంది. కొన్ని ఆస్కస్‌లలో నాలుగూ వజ్రాకారంలో పరుచుకుని ఉంటాయి. కనీసం 200 కణాలను లెక్కపెట్టి, అందులో ఎన్ని ఆస్కస్‌లు ఉన్నాయో శాతంగా రాసుకోండి. సగం కూడా లేకపోతే ఆ బ్యాచ్‌ను తినిపించవద్దు. మిగిలిన మామూలు కణాలు ఫలితాన్ని మసకబారుస్తాయి.

గాజు పలక మీద పూత ఆరబెట్టి, వేడితో అంటించి, 5 శాతం మలకైట్ గ్రీన్ పోసి అయిదు నిమిషాలు ఆవిరి మీద ఉంచి, నీటితో కడిగి, ఆపైన సాఫ్రనిన్ వేస్తే సిద్ధబీజాలు ఆకుపచ్చగా, మామూలు కణాలు ఎర్రగా కనిపిస్తాయి. రికార్డు పుస్తకానికి ఈ చిత్రం ఉపయోగపడుతుంది.

అయితే మైక్రోస్కోపులో సిద్ధబీజం ఆకారం కనిపించగానే గోడ పూర్తిగా కట్టుకుందని అనుకోకూడదు. డైటైరోసిన్ పొర చివర్లో చేరుతుంది. గోడ పక్వమైందో లేదో తెలుసుకోవడానికి, ఆస్కస్‌లు ఉన్న కల్చర్‌ను ఒక గొట్టంలో, మామూలు కణాలను మరో గొట్టంలో 55 డిగ్రీల నీటి తొట్టిలో ఉంచి, కొన్ని నిమిషాలకొకసారి కొంత తీసి ప్లేటు మీద వేయండి. మామూలు కణాల కాలనీలు దాదాపు ఆగిపోయిన సమయంలో కూడా సిద్ధబీజాల కాలనీలు ధారాళంగా వస్తుంటే ఆ బ్యాచ్ సిద్ధంగా ఉన్నట్టు. కాకపోతే మరో రోజు షేకర్ మీదే ఉంచండి.

మూడో దశ: ఈగలను సిద్ధం చేయండి

డ్రోసోఫిలా మెలనోగాస్టర్ ఈగలను మైసూరు విశ్వవిద్యాలయంలోని జాతీయ డ్రోసోఫిలా స్టాక్ సెంటర్ వంటి చోట్ల నుంచి తెప్పించుకోవచ్చు. అరటిపండు ఎర పెట్టి ఇంట్లో పట్టిన ఈగల్లో డ్రోసోఫిలా అననాసే వంటి ఇతర జాతులు కూడా ఉంటాయి కనుక వాటి మీద ఆధారపడవద్దు. మామిడి రైతులు పండు ఈగ అని పిలిచే బాక్ట్రోసెరా వేరే కుటుంబానికి చెందినది, దానికీ దీనికీ సంబంధం లేదు.

లీటరు నీటికి బొంబాయి రవ్వ 100 గ్రాములు, బెల్లం 100 గ్రాములు, అగార్ 10 గ్రాములు వేసి ఉడికించి, కాస్త చల్లారాక బూజు రాకుండా 7.5 మి.లీ. ప్రొపియోనిక్ ఆమ్లం కలిపిన మేత మన దేశంలోని ప్రయోగశాలల్లో అలవాటైనదే. మామూలుగా దాని మీద పొడి ఈస్ట్ చల్లుతారు. ఈ ప్రయోగానికి ముందు రెండు రోజుల పాటు అది మానేసి, ఈగలను రోజూ కొత్త సీసాలోకి మార్చండి, అప్పుడు వాటి కడుపులోని పాత ఈస్ట్ చాలా వరకు తగ్గుతుంది. ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటకుండా చూడాలి. మన వేసవిలో గది వేడి 30 డిగ్రీలు దాటి అలాగే ఉంటే మగ ఈగలు సంతానశక్తిని కోల్పోతాయి, స్టాకే చచ్చిపోతుంది, కాబట్టి ఇంక్యుబేటర్ లేని కళాశాలలు ఈ పనిని చలికాలంలో పెట్టుకోవడం మంచిది.

ప్యూపా నుంచి బయటికి వచ్చి మూడు నుంచి అయిదు రోజులైన ఆడ ఈగలను సీసాకు 20 చొప్పున తీసుకోండి. ఆడ ఈగలు ఎక్కువ తింటాయి. వాటిని తడి వడపోత కాగితం మాత్రమే ఉన్న సీసాలో మూడు నాలుగు గంటలు పస్తు ఉంచాలి. ఈగలను మత్తులో ఉంచవలసి వచ్చినప్పుడు మంచు మీద పెట్టి చల్లబరచండి, ఈథర్ మాత్రం వాడవద్దు. ఈథర్ మామూలు ఈస్ట్ కణాలను చంపుతుంది, సిద్ధబీజాలను అంతగా చంపదు. దాని ప్రభావాన్ని మీరు ఈగ కడుపు ప్రభావంగా పొరబడే ప్రమాదం ఉంది.

నాలుగో దశ: తినిపించండి

సిద్ధబీజాలు నీటిని ఇష్టపడవు. ఒకదానికొకటి అంటుకుని ముద్ద కడతాయి, ప్లాస్టిక్ గొట్టం గోడకు కూడా పట్టుకుంటాయి. అందుకే ట్వీన్ 80 అనే సబ్బు వంటి పదార్థం 0.01 శాతం కలిపిన నీటిలో వాటిని బాగా కుదిపి, మిల్లీలీటరుకు సుమారు 10 కోట్ల కణాలు ఉండేలా హీమోసైటోమీటర్‌తో లెక్కించి సరిచేయండి. దానిలో 5 శాతం సుక్రోజ్, కొద్దిగా బ్రిలియంట్ బ్లూ ఆహారపు రంగు కలపండి. ఇదే లెక్కలో ఇదే రకం ఈస్ట్ మామూలు కణాలతో రెండో మేతను, ఈస్ట్ లేని నీలి చక్కెర నీటితో మూడో మేతను తయారు చేయాలి. ఈ మేతల్లో ప్రొపియోనిక్ ఆమ్లం ఉండకూడదు.

చిన్న వడపోత కాగితం బిళ్లను మేతలో తడిపి ఈగల సీసాలో పెట్టండి. ఒక గంటకు మించి ఉంచవద్దు. చక్కెర తగిలిన సిద్ధబీజం మొలకెత్తడం మొదలుపెడుతుంది, మొలకెత్తుతున్న కొద్దీ దాని గోడ బలం తగ్గిపోతుంది. రాత్రంతా మేత పెట్టి వదిలేస్తే, మీరు తినిపించేది సిద్ధబీజాలను కాదు, మొలకలను. మేతను కూడా తినిపించే ముందు అప్పటికప్పుడే కలపాలి. ఈగలు తింటున్న ఆ గంటా, అదే మేతలో కొంత భాగాన్ని ఖాళీ గొట్టంలో బల్ల మీద ఉంచండి, అది మీ ప్రధాన కంట్రోల్ (పోల్చి చూసే నమూనా) అవుతుంది.

గంట తరవాత సీసాను వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే, తిన్న ఈగల పొట్టలు కింది వైపు నుంచి నీలంగా కనిపిస్తాయి. వాటిని మాత్రమే ఏరి తీసుకోండి.

అయిదో దశ: రెట్టను సేకరించండి

మొత్తం ప్రయోగంలో ఎక్కువ శ్రద్ధ కావలసింది ఇక్కడే. నీలి పొట్ట ఈగలను ముందుగా ఒక శుభ్రమైన ఖాళీ సీసాలో అరగంట వదలండి. కాళ్లనూ, నోటినీ అవి అక్కడే తుడుచుకుంటాయి. తరవాత వాటిని, లోపల సూక్ష్మజీవరహిత కవర్ స్లిప్పులు, ఒక మూల తడి దూది ఉన్న రెండో సీసాలోకి మార్చి రెండు మూడు గంటలు ఉంచండి. ఇక్కడ చక్కెర ఉండకూడదు.

ఈగలను తీసేశాక కవర్ స్లిప్పును స్టీరియో మైక్రోస్కోప్ కింద పెట్టండి. రెట్ట చుక్కలు అంచు కాస్త ముదురుగా, మధ్యలో లేతగా ఉన్న నీలి మచ్చల్లా ఆరిపోయి ఉంటాయి. ఒక్కో చుక్క మీద 5 మైక్రోలీటర్ల ట్వీన్ నీటిని వదిలి, పిపెట్ మొనతోనే మెల్లగా రుద్దుతూ పైకీ కిందికీ లాగితే చుక్క పూర్తిగా విడిపోయి నీరు లేత నీలంగా మారుతుంది. అలాంటి 10 చుక్కలను 100 మైక్రోలీటర్ల ట్వీన్ నీటిలో పోగుచేయండి. ఆ వెంటనే, అదే గాజు మీద చుక్కలు లేని ఖాళీ చోట్ల నుంచి కూడా ఇదే పద్ధతిలో అంతే సంఖ్యలో నమూనాలు తీయండి. ఈగ నడిచిన చోట కాళ్ల నుంచి రాలినవి ఎన్నో ఆ నమూనా చెబుతుంది. ఖాళీ చోటు ప్లేటు మీద కూడా కాలనీలు గణనీయంగా వస్తే, మీ రెట్ట ఫలితాన్ని నమ్మడానికి వీల్లేదు. శుభ్రం చేసుకునే సీసాలో సమయం పెంచి మళ్లీ చేయండి.

ఇంకో చిక్కు ఉంది. రెట్ట చుక్క గాజు మీద నిమిషాల్లో ఆరిపోతుంది, ఆరిపోవడం వల్ల కూడా మామూలు కణాలు చావవచ్చు. అందువల్ల తినని మేతను కొన్ని చిన్న చుక్కలుగా మరో కవర్ స్లిప్పు మీద పెట్టి, అంతే సేపు ఆరనిచ్చి, అదే విధంగా కడిగి ప్లేటు వేయాలి. ఆ చుక్కల్లో బతికినవాటితో పోల్చినప్పుడు రెట్టలో మామూలు కణాలు ఇంకా తక్కువగా ఉంటేనే ఆ తేడాను జీర్ణక్రియకు ఆపాదించగలరు.

ఈగలు అప్పుడప్పుడూ అన్నాశయంలోని ద్రవాన్ని నోటి గుండా కక్కుతాయి, ఆ చుక్క కూడా నీలంగానే ఉంటుంది, అయితే అది మధ్యాహారనాళాన్ని చూడనే లేదు. ఈ అనుమానం తీరడానికి కొన్ని ఈగలను చల్లబరచి, 70 శాతం ఆల్కహాల్‌లో అరనిమిషం ముంచి, శుభ్రమైన నీటిలో కడిగి, స్టీరియో మైక్రోస్కోప్ కింద సన్నని ఫోర్‌సెప్స్‌తో పొట్ట చివరను పట్టి లాగి, అంత్యాహారనాళాన్ని మాత్రమే కత్తిరించి నలిపి ప్లేటు వేయండి. చేయి తిరగడానికి కొంత సాధన కావాలి, కానీ కొద్ది ఈగల నుంచి దొరికిన ఫలితం కూడా ఎంతో విలువైనది.

ఆరో దశ: ప్లేట్లు వేసి లెక్కించండి

వైపీడీ అగార్‌లో మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల క్లోరాంఫెనికాల్ కలిపితే ఈగ కడుపులోని అసిటోబాక్టర్, లాక్టోబాసిల్లస్ వంటి బ్యాక్టీరియా బెడద చాలా వరకు తగ్గుతుంది. ప్రతి నమూనాను పదేసి రెట్లు పలుచన చేస్తూ, ప్లేటుకు 30 నుంచి 300 కాలనీలు వచ్చే పలుచనను ఎంచుకోండి. 30 డిగ్రీల వద్ద మూడు నాలుగు రోజులు పెంచి, తరవాత ఒకటి రెండు రాత్రులు ఫ్రిజ్‌లో ఉంచితే ఎర్ర రంగు స్పష్టంగా ముదురుతుంది. రెండో రోజే చూసి ఎర్రవి లేవని తీర్మానించుకోవద్దు. మైటోకాండ్రియా లోపించిన పెటీట్ కాలనీలు ఏడీఈ2 లోపించినా ఎర్రబడవు కాబట్టి, మరీ చిన్నగా ఉన్న తెల్ల కాలనీలను విడిగా రాసుకోండి.

ప్రతి ప్లేటులోనూ కాలనీలను మూడు రకాలుగా విడదీసి లెక్కించాలి: పూర్తిగా తెల్లనివి, చారలు ఉన్నవి, పూర్తిగా ఎర్రనివి. మొత్తం ఒక్కటే రాసిన పట్టిక వల్ల ఉపయోగం లేదు.

లెక్కల్లో చాలామంది గమనించని విషయం ఒకటుంది. విడిపోని ఆస్కస్‌లో నాలుగు సిద్ధబీజాలు ఉన్నా ప్లేటు మీద ఒక్క కాలనీయే వస్తుంది. ఈగ కడుపులో ఆస్కస్ కరిగి నాలుగూ విడిపోతే నాలుగు కాలనీలు వస్తాయి. అంటే ఒక్క సిద్ధబీజం కూడా అదనంగా పుట్టకుండానే కాలనీల సంఖ్య నాలుగింతల వరకు పెరిగే వీలుంది, కొన్ని చచ్చిపోయినా ఆ నష్టం ఈ పెరుగుదల వెనుక దాగిపోతుంది. దీన్ని సరిచేయడానికి, బల్ల మీద ఉంచిన కంట్రోల్ మేతలో ఒక భాగాన్ని జైమోలేజ్ ఎంజైముతో కరిగించి, ధ్వని తరంగాలతో కుదిపే సోనికేటర్‌లో కొద్దిసేపు ఉంచి, సిద్ధబీజాలు విడిపోయాయని మైక్రోస్కోపులో చూసుకున్నాక ప్లేటు వేయండి. ఆస్కస్ కరిగినా సిద్ధబీజాల మధ్య సన్నని బంధాలు మిగిలి ఉంటాయి కాబట్టి సోనికేటర్ అవసరమవుతుంది. రెట్టలోని కాలనీలను ఈ విడదీసిన కంట్రోల్‌తో పోల్చాలి.

ఈగ ఎంత మింగింది, అందులో ఎంత బయటికి వచ్చింది అనేది కచ్చితంగా కొలవడం కష్టం. ఆ కొలత అవసరం లేకుండా ఇదే ప్రశ్నకు జవాబు చెప్పే పద్ధతి ఒకటి ఉంది, వసతి ఉంటే దాన్నే వాడమని నేను గట్టిగా చెబుతాను. సిద్ధబీజాలనూ, జీ418 మందుకు తట్టుకునే మరో ద్వయస్థితిక రకపు మామూలు కణాలనూ ఒకే మేతలో సమానంగా కలిపి తినిపించండి. ద్వయస్థితిక కణాలు మొలకెత్తిన సిద్ధబీజాలతో జతకట్టవు కాబట్టి రెండూ కలిసిపోవు. రెట్ట నుంచి వచ్చిన కాలనీలను వెల్వెట్ గుడ్డతో మిల్లీలీటరుకు 200 మైక్రోగ్రాముల జీ418 ఉన్న ప్లేటు మీదికి అచ్చు తీస్తే ఏది ఏ వంశమో తెలిసిపోతుంది. ఉదాహరణకు, కంట్రోల్‌లో రెండూ చెరి 50 ఉండి, రెట్టలో మాత్రం 100 కాలనీలకు 96 సిద్ధబీజాలవి, 4 మామూలు కణాలవి అనుకుందాం. అప్పుడు నిష్పత్తి 1 నుంచి 24కు మారినట్టు. రెండూ ఒకే ఈగలో, ఒకే సమయంలో, ఒకే ఆమ్లంలో ప్రయాణించాయి కాబట్టి ఆ తేడాకు మింగిన పరిమాణం కారణం కాజాలదు. ఈ నిష్పత్తిలో కూడా ఆస్కస్ విడిపోవడం వల్ల వచ్చే పెరుగుదలను పైన చెప్పినట్టు సరిచేసుకోవాలి.

ఏడో దశ: ఫలితాన్ని చదవండి

సిద్ధబీజాలు తిన్న ఈగల రెట్టలో పూర్తిగా ఎర్రని కాలనీలు వచ్చి, మామూలు కణాలు తిన్న ఈగల రెట్టలో కాలనీలు చాలా తగ్గి, ఖాళీ గాజు మీదా, నీలి చక్కెర నీటి ఈగల రెట్టలోనూ ఎర్రవి లేకపోతే మీ మూడు ప్రశ్నలకు జవాబు దొరికినట్టే. ఎర్ర కాలనీల వాటాను తినని మేతలోని వాటాతో పోల్చి చూడండి. తినని మేతలో కూడా కొన్ని ఎర్రవి తప్పకుండా ఉంటాయి. రెండు సిద్ధబీజాలే ఉన్న ఆస్కస్‌లు, తోబుట్టువులు చచ్చిపోయినవి అందుకు కారణం. ఈగ కడుపు దాటాక ఆ వాటా స్పష్టంగా పెరిగితే ఆస్కస్‌లు కరిగి సిద్ధబీజాలు విడిపోయాయని అర్థం. అన్నీ ఒంటరిగా విడిపోయినప్పటికీ ఎర్రవి సగాన్ని మించకూడదు. మించితే లెక్కలోనో, తెల్ల సిద్ధబీజాల మనుగడలోనో ఏదో తేడా ఉంది, వెతకండి.

మామూలు కణాలు తిన్న ఈగల రెట్టలో కూడా కొన్ని తెల్ల కాలనీలు రావడం సహజం. ఈగ అన్నింటినీ జీర్ణం చేసుకోదు. కందిరీగల కడుపులో ఈస్ట్ ఎక్కువకాలం నిలిచి ఉండగలదని 2012లో ఇటలీ పరిశోధకులు చూపించారు. శరదృతువు నుంచి వసంతం దాకా అది కందిరీగల పొట్టలో ఉండి, వాటి పిల్లలకు కూడా చేరింది. కాబట్టి నివేదికలో కణాలు చస్తాయి, సిద్ధబీజాలు బతుకుతాయి అని ఒక్క ముక్కలో తేల్చకుండా, ఏ కీటకంలో, ఎంతసేపటికి, ఎంత తేడా వచ్చిందో రాయండి.

ఇక్కడి నుంచి ముందుకు వెళ్లాలనుకునేవారు గోడలోని పొరలను ఒక్కొక్కటిగా తీసి చూడవచ్చు. డీఐటీ1 జన్యువు లేని రకంలో డైటైరోసిన్ పొర ఏర్పడదు, సీహెచ్ఎస్3 లేని రకంలో కైటోసాన్‌తో పాటు దాని పైన నిలవవలసిన డైటైరోసిన్ కూడా ఉండదు. నీమన్ బృందం ఇలాంటి రకాలతోనే బయటి పొరల అవసరాన్ని తేల్చింది. వాళ్లు షైజోశాకరోమైసిస్ పోంబే అనే దూరపు బంధువు సిద్ధబీజాల్లో కూడా ఇలాంటి మనుగడనే చూశారు. ఈ జాతిని పక్కన పెట్టి పోల్చడం పీజీ స్థాయిలో మంచి ప్రాజెక్టు.

పని ముగిశాక ఈగలను ఒక రాత్రి ఫ్రీజర్‌లో ఉంచి చంపి, ప్లేట్లు, కవర్ స్లిప్పులు, సీసాలతో పాటు ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల వద్ద 20 నిమిషాలు ఉంచండి. జీ418 గుర్తు ఉన్న ఈస్ట్ జన్యుమార్పిడి చేసినది కనుక, దాన్ని తిన్న ఒక్క ఈగ కూడా గది దాటకూడదు. మిగిలిన సిద్ధబీజాలను పారేయనక్కరలేదు. నీటితో కడిగి 4 డిగ్రీల వద్ద దాచి, తరవాతి బ్యాచ్ విద్యార్థులు మొదలుపెట్టే ముందు 55 డిగ్రీల పరీక్ష మరోసారి చేస్తే చాలు.